ఎండిన వాగులో గులాబీ గిన్నె: పాసడీనా రోజ్ బౌల్‌కి వెళ్ళేవాళ్ళ కోసం

లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌కి ఈశాన్యంగా పది మైళ్ళు వెళ్తే పాసడీనా. ఆ ఊరి పడమటి అంచున అరోయో సెకో అనే లోయ ఉంది. స్పానిష్‌లో ఆ పేరుకి ఎండిన వాగు అని అర్థం. రోజ్ బౌల్ స్టేడియం ఆ వాగు పల్లంలోనే ఉంది. ఏటా కొత్త సంవత్సరం రోజున అక్కడ జరిగే కాలేజీ ఫుట్‌బాల్ ఆటకీ అదే పేరు. అమెరికాలో 'బౌల్' అనే పేరున్న కాలేజీ ఆటలు ఇప్పుడు డజన్ల కొద్దీ ఉన్నాయి. వాటన్నిటికీ ఆ మాట అందింది ఈ గిన్నె నుంచే.

వెళ్ళేముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. స్టేడియం లోయలో ఉండటం వల్లే అంత అందం. అక్కడికి చేరడం, బయటపడటం కష్టమయ్యేదీ ఆ లోయ వల్లే. ఎక్కడ దిగాలి, కారు తీయాలా వద్దా, ఏ పక్క సీటు కొనాలి అన్నవన్నీ ఆ నేల తీరుని బట్టి తేల్చుకుంటే రోజు హాయిగా గడుస్తుంది. ధరలు మాత్రమే చూసి తేల్చుకున్నవాళ్ళు ఆట సగంలో ఉండగానే పార్కింగ్ గురించి దిగులుపడటం మొదలుపెడతారు.

ఇక్కడ స్టేడియం కంటే ఆట పాతది, ఆట కంటే ఊరేగింపు పాతది. పాసడీనాలోని వ్యాలీ హంట్ క్లబ్ వాళ్ళు 1890 జనవరి 1న పూలు కట్టిన బళ్ళతో మొదటి ఊరేగింపు తీశారు. తూర్పు రాష్ట్రాల వాళ్ళు మంచులో వణికే రోజుల్లో తమ ఊళ్ళో గులాబీలు విరబూస్తున్నాయని లోకానికి చూపించాలన్నది వాళ్ళ ఉద్దేశం. 1902లో ఊరేగింపుకి తోడుగా ఫుట్‌బాల్ పెట్టారు. ఆ ఆట జరిగిన టోర్నమెంట్ పార్క్ ఇప్పుడు కాల్‌టెక్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం ఆవరణలో భాగం. మిషిగన్ 49, స్టాన్‌ఫర్డ్ 0. ఇంకా 8 నిమిషాలు మిగిలుండగానే స్టాన్‌ఫర్డ్ ఇక చాలనేసింది. అంత ఏకపక్షంగా సాగేసరికి నిర్వాహకులు ఫుట్‌బాల్‌ని పక్కనపెట్టి, కొన్నేళ్ళపాటు రోమన్ల తరహాలో రథాల పందేలు నడిపారు. 1916లో ఫుట్‌బాల్ తిరిగొచ్చింది. వాషింగ్టన్ స్టేట్ 14–0తో బ్రౌన్‌ని ఓడించింది. అప్పటినుంచి ఆట ఒక్క ఏడు కూడా ఆగలేదు.

పెరుగుతున్న జనానికి పాత పార్కు సరిపోక, ఈ ఊరేగింపునీ ఆటనీ నడిపే టోర్నమెంట్ ఆఫ్ రోజెస్ సంస్థకి అధ్యక్షుడిగా పనిచేసిన విలియం లీష్‌మన్ కొత్త స్టేడియం కోసం పట్టుబట్టాడు. ఇప్పుడు గెలిచిన జట్టుకిచ్చే ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది. నమూనా గీసింది మైరన్ హంట్. ఆయన ముందు యేల్ విశ్వవిద్యాలయం 1914లో తెరిచిన యేల్ బౌల్ ఉంది. పద్ధతి చాలా సులువైనది. నేల మధ్యలో తవ్వి, తవ్విన మట్టిని చుట్టూ గట్టుగా పోసి, ఆ గట్టు లోపలి వాలు మీద సీట్లు వేశారు. చెరువులో నీళ్ళు లేనప్పుడు కట్ట లోపలి వాలు మీద కూర్చుంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. బయటినుంచి చూస్తే ఇంత పెద్ద స్టేడియం కురచగా కనిపించడానికి కారణం ఇదే. లోపలికి వెళ్ళాలంటే ఆ గట్టుని తొలుచుకుంటూ పోయే సొరంగాలే దారి.

1922 అక్టోబర్ 28న తొలి ఆట. కాలిఫోర్నియా (బర్క్‌లీ విశ్వవిద్యాలయం జట్టు) 12–0తో యూఎస్‌సీ (సదర్న్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) మీద గెలిచింది. అప్పట్లో అది పూర్తి గిన్నె కాదు. దక్షిణం వైపు తెరిచి ఉన్న గుర్రపు నాడా ఆకారం, 57,000 మందికి చోటు. 1928లో ఆ తెరుపుని మూసి 76,000కి పెంచారు. తర్వాత పెంచుకుంటూ పోతే 1973లో యూఎస్‌సీ, ఒహాయో స్టేట్ ఆటకి 1,06,869 మంది వచ్చారు. ఇప్పటికీ రికార్డు అదే. ఈమధ్య మరమ్మతుల్లో సీట్లు తగ్గించాక లెక్క 90,000కి కాస్త లోపుంటుంది. ఉత్తరం అంచు నుంచి దక్షిణం అంచుకి 880 అడుగులు, తూర్పు పడమరలకి 695 అడుగులు, మొత్తం 77 వరుసలు.

ఇక్కడి ట్రాఫిక్ తిప్పలు ఈనాటివి కావు. 1923 జనవరి 1న కొత్త స్టేడియంలో జరిగిన మొదటి రోజ్ బౌల్‌కే పెన్ స్టేట్ జట్టు ఊరేగింపు రద్దీలో చిక్కుకుని ఆలస్యంగా వచ్చింది. రెండు జట్ల కోచ్‌లు మైదానం పక్కనే వాదులాడుకున్నారు. ఆట ముగిసేసరికి పొద్దు పోయి వెన్నెల పడింది. యూఎస్‌సీ 14, పెన్ స్టేట్ 3. నూరేళ్ళు దాటినా కారణం మారలేదు. ఒకే ఊళ్ళో, ఒకే రోజు, పొద్దున ఊరేగింపు, మధ్యాహ్నం ఆట. రెండిటి మధ్యా ఇరుకు కొండదారులు.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. పది గజాలు ముందుకి జరపడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి, కుదరకపోతే బంతి అవతలి జట్టుకి. బంతితో అవతలి చివరి గీత దాటితే 6 పాయింట్లు. మన గీత వెనకే మనం చిక్కిపోతే అవతలివాళ్ళకి 2. ఈ రెండు పాయింట్ల నియమం తెలిస్తే 1929 నాటి కథ బోధపడుతుంది. కాలిఫోర్నియా ఆటగాడు రాయ్ రీగెల్స్ జార్జియా టెక్ వాళ్ళు వదిలేసిన బంతిని అందుకున్నాడు. ఆ పెనుగులాటలో దిక్కు తప్పి, సొంత గీత వైపే 65 గజాల దాకా పరిగెత్తాడు. సొంత జట్టు ఆటగాడు బెనీ లామ్ వెంటపడి గీత దగ్గర్లో పట్టుకున్నాడు, అంతలో జార్జియా టెక్ వాళ్ళు గీతకి గజం దూరంలో పడగొట్టారు. ఆ మూలనుంచి బయటపడాలని కాలిఫోర్నియా బంతిని దూరంగా తన్నబోతే దాన్ని అడ్డుకున్నారు, జార్జియా టెక్‌కి 2 పాయింట్లు వచ్చాయి. చివరి స్కోరు 8–7. మొదటిసారి చూడబోయేవాళ్ళు మైదానాన్ని పైనుంచి చూస్తే అలా ఎందుకు జరిగిందో అర్థమవుతుంది. గిన్నె నాలుగు వైపులా ఒక్క తీరుగా ఉంటుంది. కింద నిలబడ్డవాడికి దిక్కులు చెప్పేది ఉత్తరాన కనిపించే కొండలొక్కటే.

1961లో జరిగింది కాల్‌టెక్ విద్యార్థుల పని. వాషింగ్టన్ అభిమానులు విరామంలో రంగు అట్టలు ఎత్తి బొమ్మలు చూపించాలి. ఏ సీటువాళ్ళు ఏ అట్ట ఎత్తాలో రాసిన సూచనల కాగితాలని కాల్‌టెక్ కుర్రాళ్ళు రహస్యంగా మార్చేశారు. దేశమంతా టీవీలో చూస్తుండగా ఆ అట్టల మీద కాల్‌టెక్ పేరు వెలిసింది. ఆ రోజు ఆడిన రెండు జట్లలో ఏదీ కాల్‌టెక్ కాదు! 2006లో జాతీయ టైటిల్ కోసం జరిగిన ఆటలో, టెక్సస్‌కి నాలుగో ప్రయత్నం, కావాల్సింది 5 గజాలు, గడియారంలో 19 సెకన్లు మిగిలేలా విన్స్ యంగ్ కుడి మూలకి పరిగెత్తి గీత దాటాడు. టెక్సస్ 41, యూఎస్‌సీ 38. ఈ స్టేడియంలో ఇంతకంటే మంచి ఆట జరగలేదనేవాళ్ళు చాలామంది, మేమూ ఆ మాటే అంటాం.

ఆట ఈ లోయని వదిలి వెళ్ళింది రెండేసార్లు. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత పశ్చిమ తీరంలో జనం గుమికూడటం ప్రమాదమని, 1942లో నార్త్ కరొలైనాలోని డర్హమ్‌కి మార్చారు. అక్కడ ఆరెగాన్ స్టేట్ 20–16తో డ్యూక్‌ని ఓడించింది. కోవిడ్ రోజుల్లో 2021 ఆట టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో జరిగింది. స్టేడియం 1987 నుంచి జాతీయ చారిత్రక కట్టడం. ఇక సాకర్ అభిమానులైతే 1994 ప్రపంచ కప్ ఫైనల్ ఒక్కటి చాలు. బ్రెజిల్, ఇటలీ గోల్ లేకుండా ముగించాక, బాజ్జో కొట్టిన పెనాల్టీ బారు మీదుగా పోయింది ఇక్కడే.

ఇప్పుడు టికెట్ల సంగతి. 1947 నుంచి దశాబ్దాలపాటు మధ్య పశ్చిమ రాష్ట్రాల జట్టొకటి, పసిఫిక్ తీరం జట్టొకటి ఆడటం ఆనవాయితీ. ఆ రోజులు పోయాయి. ఇప్పుడిది జాతీయ విజేతని తేల్చే 12 జట్ల ప్లేఆఫ్‌లో భాగం. క్వార్టర్ ఫైనల్‌గా జరిగే ఏడు ఒక జట్టు పేరు డిసెంబర్ మొదట్లో తేలుతుంది. రెండోది తేలేసరికి ఆటకి రెండు వారాల లోపే ఉంటుంది. రీసేల్ ధరలు ఎగిరేదీ పడేదీ ఆ కొద్ది రోజుల్లోనే. వచ్చే రెండు జట్లూ దూరప్రాంతాలవైతే విమానం ఖర్చుకి జంకి చాలామంది ఆగిపోతారు, చివరి మూడు నాలుగు రోజుల్లో ధర దిగే అవకాశం ఉంటుంది. దగ్గరి జట్టు గానీ, ఏళ్ళ తర్వాత రోజ్ బౌల్‌కి వస్తున్న జట్టు గానీ ఉంటే ఎదురుచూడకండి. రూమ్ మాత్రం జట్లు తేలేదాకా ఆగితే దొరకదు. రద్దు చేసుకోగల రూమ్ సెప్టెంబర్‌లోనే బుక్ చేసి, టికెట్ డిసెంబర్‌లో కొనడం మంచి పద్ధతి.

సీటు ఎంచుకోవడంలో చాలామంది చేసే పొరపాటు మైదానానికి బాగా దగ్గర కొనడం. ఈ గిన్నె వాలు చాలా మెల్లగా ఉంటుంది. కింది వరుసల్లో కూర్చుంటే గీత పక్కన నిలబడ్డ ఆటగాళ్ళు, కెమెరాలవాళ్ళే అడ్డం. డబ్బు ఎక్కువపెట్టి సగం ఆట పెద్ద తెర మీద చూడాల్సొస్తుంది. 30 నుంచి 55 వరుసల మధ్య బాగుంటుంది. మరీ పైన కూర్చుంటే ఆట చిన్నదైపోతుంది, కానీ లోయ మొత్తం కనిపిస్తుంది. అది తక్కువ లాభమేం కాదు. సొరంగం గట్టుని తొలుచుకుని వరుసల నడిమికి తీసుకొస్తుంది. అక్కడినుంచి కిందికైనా పైకైనా మెట్లే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలని తీసుకెళ్తుంటే సొరంగం నోటికి దగ్గర వరుసలే కొనండి. మెట్లెక్కలేనివాళ్ళకి వీల్‌చైర్ వరుసల టికెట్లు వేరుగా ఉంటాయి, వాటిని కొనేటప్పుడే అడగాలి.

ఏ పక్క అన్నది అంతకంటే ముఖ్యం. విలేకరులు కూర్చునే ప్రెస్ బాక్స్ ఉన్నది పడమర. అటు కూర్చుంటే ఎండ వెనకనుంచి వస్తుంది, ఎదురుగా తూర్పు గట్టు, ఎడమ చేతి వైపు శాన్ గేబ్రియల్ కొండలు. తూర్పు వైపు కూర్చున్నవాళ్ళకి మధ్యాహ్నమంతా సూర్యుడు కళ్ళలోకే కొడతాడు, టోపీ, నల్లకళ్ళద్దాలు లేకపోతే దూరం బంతి కనబడదు. అయితే సాయంత్రం నాలుగు తర్వాత లెక్క తిరగబడుతుంది. పడమటి సీట్లు ముందే నీడలోకి వెళ్ళి చల్లబడతాయి, తూర్పు వాళ్ళకి ఆఖరిదాకా వెచ్చగా ఉంటుంది. జనవరి 1న పగలు 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నా, లోయ కాబట్టి పొద్దు వాలగానే చలి దిగుతుంది. స్వెటర్ వెంట ఉండాల్సిందే.

ఆ వెలుగు గురించి చెప్పకుండా ఉండలేం. ఆ రోజు సూర్యాస్తమయం సుమారు 4:54కి. గట్టు నీడ గడ్డి మీద పడమటినుంచి తూర్పుకి జరుగుతూ పోతుంది. మైదానం పూర్తిగా నీడలో పడ్డాక కూడా ఉత్తరాన కొండల మీద ఎండ ఉంటుంది, ముందు పసుపు, తర్వాత గులాబీ, చివరికి వంకాయ రంగు. అప్పటికి దీపాలు వెలిగి ఉంటాయి. ఎన్నో ఏళ్ళుగా ఆట మధ్యాహ్నం 2కి మొదలై, ఈ రంగులు నాలుగు భాగాల ఆటలో మూడో భాగం, అంటే మూడో క్వార్టర్ చివర్లో వచ్చేవి. 2026 నుంచి 1 గంటకి జరిపారు. ఆట మూడున్నర గంటలు సాగుతుంది కాబట్టి ఇప్పుడీ వెలుగు ఆఖరి నిమిషాలకో, ఆట అయిపోయాకో వస్తుంది. స్కోరు తేలిపోయిందని నాలుగో క్వార్టర్‌లో లేచి వెళ్ళేవాళ్ళు పోగొట్టుకునేది ఇదే.

లోపలికి సంచి తీసుకెళ్తే పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాలు, 6 అంగుళాలు, 12 అంగుళాల కొలత దాటకూడదు. మామూలు హ్యాండ్‌బ్యాగులని గేటు దగ్గరే ఆపేస్తారు, కారు రెండు మైళ్ళ దూరంలో ఉంటే అది పెద్ద చిక్కే. గేట్లు తెరవగానే వెళ్ళి దక్షిణం వైపు తిరగండి. గులాబీ గుర్తుతో ఉన్న పాత నియాన్ బోర్డు, దాని కింద గెలిచిన జట్ల పలకలు పరిచిన కోర్ట్ ఆఫ్ చాంపియన్స్, జాకీ రాబిన్సన్ విగ్రహం చూడాల్సినవి. బేస్‌బాల్‌లో నల్లజాతివారికి తలుపు తెరిచిన ఆయన ఈ ఊళ్ళోనే పెరిగాడు, ఇక్కడి విగ్రహం మాత్రం ఫుట్‌బాల్ దుస్తుల్లో ఉంటుంది. కంచెకీ స్టేడియానికీ మధ్య దాదాపు 100 రకాల గులాబీ మొక్కలున్నాయి.

పొద్దున ఊరేగింపు కూడా చూడాలా? ఓపికుంటే చూడండి, రెండూ కలిస్తేనే ఈ రోజుకి నిండుతనం. కానీ పసిపిల్లలతోనో, డెబ్బై దాటిన పెద్దవాళ్ళతోనో ఒకే రోజు రెండూ పెట్టుకోవద్దు. ఊరేగింపు 8 గంటలకి ఆరెంజ్ గ్రోవ్ బులవార్డ్ మీద మొదలై, కొలరాడో బులవార్డ్ వెంబడి తూర్పుకి సాగి, సియెరా మాడ్రే బులవార్డ్ మీద ఉత్తరానికి తిరుగుతుంది. మొత్తం ఐదున్నర మైళ్ళు. శకటం మీద కనిపించే ప్రతి అంగుళమూ పువ్వో, ఆకో, గింజో, బెరడో అయ్యుండాలి, రంగు పూసి సరిపెడితే ఒప్పుకోరు. జనవరి 1 ఆదివారమైతే ఊరేగింపు 2వ తేదీకి పోతుంది. చర్చిల బయట కట్టేసిన గుర్రాలు బెదరకూడదని 1893లో మొదలైన కట్టుబాటు అది.

డబ్బులిచ్చి మెట్ల స్టాండ్లలో కూర్చోవచ్చు, లేదా రోడ్డు అంచున ఉచితంగా. ఉచితం కావాలంటే డిసెంబర్ 31 మధ్యాహ్నం 12 నుంచి పేవ్‌మెంట్ మీద చోటు పట్టుకోనిస్తారు. రాత్రి 11కి రోడ్డు మీద గీసిన నీలి గీత దాకా జరగొచ్చు. కుర్చీలు, దుప్పట్లు, స్లీపింగ్ బ్యాగులు సరే. గుడారాలు, సోఫాలు, నేల మీద మంటలు కుదరవు. రాత్రంతా చలిలో కాపలా ఉండటం కుర్రాళ్ళకి సరదా, కుటుంబాలకి శిక్ష. పొద్దున్నే లేక్ లేదా అలెన్ మెట్రో స్టేషన్‌లో దిగి దక్షిణానికి ఓ అర మైలు నడిచి కొలరాడో చేరితే, రెండో మూడో వరుసలో నిలబడి చూడొచ్చు. ఊరి నడిబొడ్డున ఉన్న ఓల్డ్ పాసడీనాలో ఉన్నంత తొక్కిసలాట అక్కడుండదు. ఫోటోల కోసమైతే రోడ్డుకి దక్షిణం పక్క నిలబడండి, పొద్దుటెండ వీపు మీద పడి శకటాల మీద వెలుగు బాగుంటుంది. స్టాండ్లలోవి ఇనప బెంచీలు, దిండొకటి తీసుకెళ్ళడం మంచిది.

బస విషయంలో మా ఓటు 'ఏ' (A) లైన్ అనే మెట్రో రైలు మార్గానికి. 2023 జూన్‌లో డౌన్‌టౌన్ కింద కొత్త సొరంగం తెరిచాక, సెవెన్త్ స్ట్రీట్, లిటిల్ టోక్యో స్టేషన్ల నుంచి మారకుండా నేరుగా పాసడీనాలోని మెమోరియల్ పార్క్‌కి వచ్చేయొచ్చు. టికెట్ 1.75 డాలర్లు. కొత్త సంవత్సరం సెలవుల్లో ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళుండరు కాబట్టి డౌన్‌టౌన్ హోటళ్ళలో పాసడీనా కంటే తక్కువకి మంచి రూములు దొరుకుతుంటాయి. తూర్పు వైపు ఆర్కేడియా, మన్రోవియాలో కూడా ఇదే లైను ఉంది. అక్కడి హోటళ్ళలో కారు పెట్టడానికి చోటు ఎక్కువ, పిల్లలున్నవాళ్ళకి అది మేలు. బుక్ చేసేముందు స్టేషన్ నుంచి నడక ఎంతో మ్యాపులో కొలవండి. ఒక మైలు దాటితే తెల్లవారుజామున కష్టమే.

పాసడీనాలోనే ఉండాలంటే ఓల్డ్ పాసడీనా చుట్టుపక్కల హోటళ్ళు అన్నిటికంటే సుఖం, రేటు కూడా అలాగే ఉంటుంది. కనీసం రెండు మూడు రాత్రులు తీసుకోవాలన్న షరతు మామూలే. 1907 నాటి చరిత్రున్న లాంగమ్ హంటింగ్టన్ చూడటానికి రాజభవనంలా ఉంటుంది. కానీ అది ఊరి దక్షిణపు కొసన ఉంది, స్టేడియం వాయవ్యాన. ఆటే పనిగా వచ్చేవాళ్ళకి ఆ దూరం దండగ. కొలరాడో మీద తూర్పున ఉన్న పాత మోటళ్ళు ఊరేగింపు దారిలోనే ఉంటాయి, తలుపు తీస్తే శకటాలు. చిక్కల్లా ఏమిటంటే, డిసెంబర్ 31 రాత్రి 10 నుంచి మర్నాడు మధ్యాహ్నం 2 దాకా ఆ రోడ్డు మూసేస్తారు, మీ కారు లోపలే ఇరుక్కుపోతుంది. వెనక వీధిలోకి దారి ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. ఇళ్ళు అద్దెకిచ్చే సైట్లలో పాసడీనాకి ఉత్తరాన ఆనుకుని ఉన్న ఆల్టడీనా పేరు కనిపిస్తుంది. 2025 జనవరి ఈటన్ కార్చిచ్చులో అక్కడ వేల కట్టడాలు కాలిపోయాయి, అప్పుడు రోజ్ బౌల్ పార్కింగే అగ్నిమాపక సిబ్బందికి స్థావరమైంది. చుట్టుపక్కల ఇంకా నిర్మాణాలు సాగుతున్న వీధులుంటాయి కాబట్టి ఇల్లు సరిగ్గా ఎక్కడుందో చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

మన భోజనం లేకపోతే గడవని పెద్దవాళ్ళుంటే ఆర్టీషియా వైపు చూడొచ్చు. అక్కడి పయొనీర్ బులవార్డ్ నిండా భారతీయ హోటళ్ళు, కిరాణా కొట్లు. కానీ పాసడీనా నుంచి పాతిక మైళ్ళ పైచిలుకు, రైలు లేదు. అక్కడ ఉండటం కంటే, 30వ తేదీన వెళ్ళి కావాల్సినవి కొనుక్కుని రావడం నయం. కొత్త సంవత్సరం రోజు గుడికి వెళ్ళే అలవాటున్న ఇళ్ళు చాలా. మనవాళ్ళు మాలిబు గుడి అని పిలుచుకునే కలబాసస్ వేంకటేశ్వరస్వామి గుడి ఇక్కడినుంచి 35 మైళ్ళ పైనే ఉంటుంది. ఆట రోజున దాన్ని కూడా ఇరికించొద్దు, 2వ తేదీకి పెట్టుకోండి.

ఇక స్టేడియానికి చేరడం. కారు తెస్తే పక్కనున్న బ్రుక్‌సైడ్ గోల్ఫ్ కోర్సు గడ్డి మీద పార్క్ చేయిస్తారు, పాసు ముందే కొనాలి. గడ్డి మీద మడత కుర్చీలు, పొయ్యిలు పెట్టుకుని ఆట ముందు తినడం, పక్క కారువాళ్ళతో కబుర్లాడటం అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో సగం పండగ. పులిహోర, దద్దోజనం డబ్బాలకి సరైన చోటు అదే, ఎందుకంటే లోపల శాకాహారులకి దొరికేది ప్రెట్జెల్, నాచోస్, వేయించిన ఆలుగడ్డలు, అంతకు మించి పెద్దగా ఉండదు. వాన పడిన ఏడాది మాత్రం గడ్డి బురదై చక్రాలు దిగబడతాయి. ఆట అయ్యాక తిప్పలు వేరు. లోయలోంచి పైకి పోయే రోడ్లు కొన్నే, అవీ ఇళ్ళ మధ్య మలుపులు తిరిగే సన్నదారులు. వేల కార్లు ఒక్కసారిగా కదిలితే గంటన్నర, రెండు గంటలు పట్టడం మామూలే. కారే కావాలనుకుంటే, ఆట ముగిశాక గంటసేపు కుర్చీలు వేసుకుని అక్కడే కూర్చోండి, మిగిలిన పులిహోర తినండి, తర్వాత బండి తీయండి.

రైల్లో వచ్చేవాళ్ళు మెమోరియల్ పార్క్‌లో దిగి పడమటికి నడిస్తే పార్సన్స్ అనే పార్కింగ్ స్థలం వస్తుంది. స్టేడియం షటిల్ బస్సులు మామూలుగా ఎక్కేది అక్కడే, అయినా ఆ ఏడాది ప్రకటన ఒకసారి చూసుకోండి. వెళ్ళేటప్పుడు క్యూ త్వరగా కదులుతుంది. తిరుగు క్యూ మాత్రం ఆట అయిన పావుగంటకే కొండచిలువలా సాగుతుంది. కాళ్ళలో సత్తువున్నవాళ్ళకి మేం చెప్పేది నడవమనే. రోజ్‌మాంట్ అవెన్యూ మీదుగా లోయ ఎక్కి, ఆరెంజ్ గ్రోవ్ చేరి, వాల్నట్ వీధి పట్టుకుంటే స్టేషన్ రెండు మైళ్ళ పైచిలుకు, ముప్పావు గంట నుంచి గంట. మొదటి అర మైలే ఎగుడు. చుట్టూ వందలమంది అదే దారిలో ఉంటారు, చీకటిపడినా భయం ఉండదు. రైడ్‌షేర్ కారుని లోయలోకి పిలవద్దు, రేటు రెండు మూడింతలు అవుతుంది, అదీ అదే ట్రాఫిక్‌లో ఉంటుంది. పైకొచ్చాక పిలవండి. ఇంకో చిట్కా. ఊరేగింపు సాగుతుండగా కొలరాడోని దాటాల్సొస్తే, డెల్ మార్, మెమోరియల్ పార్క్ స్టేషన్ల మధ్య రైలు ఆ రోడ్డు కిందనుంచే పోతుంది. ఒక్క స్టేషన్ ప్రయాణంతో అవతలి పక్కకి చేరిపోతారు.

జనవరి 1 ఖర్చు భరించలేమనుకునేవాళ్ళు స్టేడియం మీద ఆశ వదులుకోనక్కర్లేదు. 1982 నుంచి ఇది యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టు సొంత మైదానం. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా శనివారాల్లో జరిగే ఆ ఆటలకి టికెట్లు చవక, సీట్లు ఖాళీ, షటిల్ క్యూ చిన్నది. సెప్టెంబర్ ఎండలో తూర్పు సీట్లు పెనంలా కాలతాయి, అప్పుడు మాత్రం కచ్చితంగా పడమర కొనండి. యూసీఎల్ఏ ఒప్పందం 2044 దాకా ఉన్నా, వేరే స్టేడియానికి పోవాలని చూస్తోందంటూ నగరం 2025 అక్టోబర్‌లో కోర్టుకెక్కింది. కాబట్టి ఆ సీజన్ షెడ్యూలులో మైదానం పేరు చూసుకున్నాకే విమానం టికెట్ కొనండి. ప్రతి నెలా రెండో ఆదివారం స్టేడియం చుట్టూ పెద్ద పాత సామాన్ల సంత జరుగుతుంది. కానీ అది గిన్నె బయట. లోపల చూడాలంటే గైడెడ్ టూర్ తీసుకోవాలి, అందులో 1922 నాటి లాకర్ గదిని కూడా చూపిస్తారు.

2వ తేదీ ఖాళీగా ఉంటే ముందు శకటాల దగ్గరికి వెళ్ళండి. సియెరా మాడ్రే, వాషింగ్టన్ బులవార్డుల దగ్గర వాటిని వరుసగా నిలిపి, టికెట్ మీద దగ్గరనుంచి చూడనిస్తారు. దూరంనుంచి రంగు పూసినట్టు కనిపించింది దగ్గరికెళ్తే మసూరపప్పో, నువ్వులో, ఎండు కొబ్బరి తురుమో అని తెలుస్తుంది. ఊరేగింపు మలుపు తిరిగే మూల ఉన్న నార్టన్ సైమన్ మ్యూజియంలో చోళుల కంచు విగ్రహాలున్నాయి. దొంగతనంగా తరలిపోయిన శివపురం నటరాజు ఒకప్పుడు ఈ సంస్థ చేతిలోనే ఉండి, ఒప్పందం కుదిరాక 1986లో భారత్‌కి తిరిగొచ్చాడు. మ్యూజియానికి వారంలో రెండు రోజులు సెలవు, చూసుకుని వెళ్ళాలి.

సాయంత్రం మళ్ళీ లోయలోకి దిగితే, స్టేడియాన్నీ గోల్ఫ్ కోర్సునీ చుట్టి 3.1 మైళ్ళ నడక దారి ఉంది. ఊరివాళ్ళు రోజూ నడిచేది, పరిగెత్తేది ఇక్కడే. టికెట్ లేదు, పార్కింగ్ సులువు. ఉత్తరం వైపుకి నడుస్తున్నప్పుడు కొండలు ఎదురుగా ఉంటాయి కాబట్టి నాలుగింటికల్లా స్టేడియం దగ్గర మొదలుపెట్టండి, సగం దూరం పోయేసరికి రంగు మారడం మొదలవుతుంది.